మెమరీ కార్డు

మండిబజారు వెనక సందుల
మిర్చి ఘాటు పట్టిన పాత గోదాం నాది.
మూడు డబ్బా టీవీలు, రెండు మిషన్లు,
వీపు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు.
గంటకు పది రూపాయలు. తుమ్ములు ఫిరీ.

ఆ సినిమా మా ఊర్లె ఆడలే.
దాన్ని చూసి చేసిన ఆట మాత్రం
ముప్పై రూపాయల కాపీ సీడీల వొచ్చింది.
కవరు మీద రంగు వెలిసిన జిరాక్సు:
తోలు కోట్లు తొడుక్కున్న ఎనిమిది మంది,
ఎవని మొఖం చూసినా చీకటే.

కత ఎవ్వనికి ఎర్కలే.
ఇంగ్లీషు మాటలొస్తే దాటేసెటోళ్ళు.
కొట్టుడు ఎర్క.
సీస, ఇటుక, బెల్టు బిళ్ళ,
చెత్తడబ్బ మూత గూడ.
పడ్డోని మీదెక్కి ఇంకో నాలుగు గుద్దితే
మూలకు అంకెలు పెరిగేటివి,
నా గల్లాపెట్టెల చిల్లర గూడ.

ఎన్నడు చూడని ఆ పట్నానికి
వాళ్ళే పేర్లు పెట్టుకున్నరు.
రైలు కింది సొరంగం మా అండర్‌బ్రిడ్జి.
మూతబడ్డ ఫ్యాక్టరీ ఆజంజాహి మిల్లు.
పోలీసులు తరిమే చౌరస్త పోచమ్మమైదాన్.
శివనగర్ పోరలదొక టీవీ,
కరీమాబాదోళ్ళదొక టీవీ.
నడుమ టేబుల్ ఫ్యాను, నేను.

యాకయ్య ఒక్కడే ఆడెటోడు, మూల టీవీల.
గ్యాంగు మొత్తం ముందుకు ఉరుకుతుంటే
వీడు వెనకకు మళ్ళెటోడు.
తలకు ఎర్రగుడ్డ కట్టినోడు ఒకడుండె అండ్ల.
వాడు పడ్డడంటే
పక్కన మోకాళ్ళ మీద కూసొని
మందిచ్చి లేపాలె.
టైము ఐపోయేది. ఓడిపోయేటోడు. మళ్ళ మొదటికి.
‘ఇట్లైతె ఎప్పుడు గెలుస్తవ్ రా?’
‘జర ఆగన్నా, లేస్తుండు.’

రెండేండ్ల కింద, గణపతి నిమజ్జనం నాడు
ఎవల బండి ముందు పోవాలెనన్న లొల్లిల
వాళ్ళన్న సారంగం
అండర్‌బ్రిడ్జి కింద పడ్డడు.
ఎంజీఎంల తెల్లారిందాక ఉన్నడు.
అప్పుడు యాకయ్య అక్కడ్నే ఉన్నడంటరు.
ఉరికిండంటరు.
నేనడగలే.

ఒకపాలి వాళ్ళమ్మ సాంబలచ్చిమి వొచ్చింది,
బీడీల చాట చంకల పెట్టుకొని.
పరద పక్కకు జరిపి
చానసేపు టీవీ దిక్కు చూసింది.
కొడుకును తిట్టలే.
‘వీళ్ళకు తల్లులు లేరా, బిడ్డా?’ అన్నది నన్ను.

ఆ రాత్రి షట్టరేసి నేనే ఆడిన.
ఎవ్వన్ని కొట్టకుంట
సందు సందు తిరిగిన.
కిటికీలల్ల లైట్లున్నయి.
ఒక్క తలుపు తెరుసుకోలే.

తర్వాతెప్పుడో కేబుల్ల ఆ సినిమా వేసిండ్రు.
షట్టరు సగం గుంజి అందరం కూసున్నం,
రెండు బస్తీలు ఒక్క చాప మీద.
కొట్లాటలు తక్కువ, నడుసుడు ఎక్కువ.
‘గిదేంది, గింత సల్లగున్నది’ అని ఆవలించిండ్రు.

అర్ధరాత్రి దాటినంక
ఎర్రగుడ్డోడు వాన నీళ్ళల్ల పడ్డడు.
మిగిలినోళ్ళు ఉరుకుతనే ఉన్నరు.
ఒక్కడు మళ్ళి చూడలే.
మళ్ళించెతందుకు
ఎవ్వని చేతుల ఏం లేదు.

యాకయ్య చేతులు ఉత్తగనే ఉన్నయి, తొడల మీద.
బొటనవేలు మాత్రం ఒత్తుతుంది.
ఒత్తుతనే ఉంది,
పాంటు మీద అదే జాగల.

ప్రకటనలొచ్చినయి. సబ్బు. సిమెంటు.

ఇగ ఫోన్లొచ్చినయి, దుకాణం పోయింది.
మిషన్లు కిలోల లెక్కన పాత సామాన్లోడు గుంజకపోయిండు.
మెమరీ కార్డు ఒక్కటి నా దగ్గర ఆగింది.
పిప్పరమెంటు బిళ్ళంత బరువు గూడ లేదు.
పెట్టి చూసేందుకు మిషను లేదు.
లోపట, ఆఖరిసారి వాడు దాసుకున్న కాడ,
సొరంగం కింద
ఎనిమిది మంది నిలబడి ఉంటరు.

మొన్న హంటర్ రోడ్డు మీద
నీళ్ళ ట్యాంకరు ఆపి దిగిండు యాకయ్య.
గడ్డం నెరుస్తుంది.
‘రెండు గంటల బాకీ ఉండె గదన్నా’ అని
ఇరవై చేతుల పెట్టిండు.
కార్డు సంగతి నోటిదాక వొచ్చింది.
నోటు మడత విప్పిన, మళ్ళ మడిచిన.
వెనక బస్సోడు హారన్ కొడుతుండె.